అతిథులు మిగిల్చే సారం



ఈశాన్య రుతుపవనాలు వచ్చి చెరువులు నిండితే సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టులో సందడి మొదలవుతుంది. నీళ్లలో నిలిచిన కడప చెట్లమీద గూడబాతులు పుల్లా పుడకా తెచ్చి గూళ్లు కట్టుకుంటాయి. పిల్లలు తల్లి ముక్కుసంచిలోకి తలదూర్చి చేపలు అందుకుంటాయి. అక్కడికి దగ్గర్లోనే పులికాట్ సరస్సు. ఆ ఉప్పునీటి మడుగుల్లో ఫ్లెమింగోలు ముక్కును తలకిందులుగా ముంచి, నీటిని వడగట్టి ఆహారం ఏరుకుంటాయి. వాటి పిల్లలు పుట్టినప్పుడు బూడిదరంగులోనే ఉంటాయి. తినే నాచు, చిన్న రొయ్యల్లోని వర్ణకాల వల్లే క్రమంగా గులాబీ రంగు వస్తుంది. మనమూ అంతే కదా! రోజూ మనసుకు ఏది అందిస్తామో, ఆ రంగే మనకు అబ్బుతుంది.

నేలపట్టు 1976 నుంచి పక్షుల రక్షిత కేంద్రం. కానీ కాగితం మీది రక్షణ కన్నా ముందునుంచీ ఉన్నది ఊరివాళ్ల ఆదరణ. ఈ పక్షులు వస్తే వానలు, పంటలు బాగుంటాయని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకంలో నిజమూ ఉంది. గూళ్లకింద రాలిన రెట్టలతో చెరువునీరు సారవంతమవుతుంది, ఆ నీరే పొలాలకు పారుతుంది.

ఎండలు ముదిరేసరికి పక్షులు వెళ్లిపోతాయి. కొమ్మల్ని వాడుకున్నాయి, నీటికి సారాన్ని మిగిల్చాయి. మనమూ ఈ నేలమీద కొన్నాళ్ల అతిథులమే. ఈ పూట అడుగుపెట్టిన ప్రతిచోటా కాస్త మంచిని మిగిల్చి వద్దాం.