వట్టి చేతులతో రాని తల్లి

వాక్యభాగము: రూతు 1:1-22, 4:13-17

1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ స్థాపింపబడిన పిమ్మట కర్మాగారమునకు ఏర్పరచుకొనిన చిన్న గ్రామము సాక్చి. 1912లో అచ్చట మొదటి ఉక్కు తయారయ్యెను. 1919లో ఆ పట్టణమునకు జంషెడ్‌పూరు అను పేరు పెట్టబడెను. సాక్చి అను పేరు అందలి ఒక పేటకు నిలిచినది. ఆ కొలుములలో పని వెదకికొనుచు ఉత్తరాంధ్ర పల్లెలనుండి తెలుగువారనేకులు తరలివెళ్లిరి. వారి వెంట భార్యలును తల్లులును వెళ్లిరి. పని దొరికినది పురుషునికి; పరదేశవాసము స్త్రీకిని వచ్చినది.

బేత్లెహేమువాసియైన నయోమియు ఇట్టి తల్లియే. రొట్టెల ఇల్లు అని అర్థమిచ్చు ఊరిలోనే కరవు కలుగగా, ఆమె భర్తతోను ఇద్దరు కుమారులతోను మోయాబునకు వెళ్లెను. ఇంచుమించు పదియేండ్లలో ఆ మువ్వురిని కోల్పోయెను. తిరిగి వచ్చినప్పుడు ఊరి స్త్రీలు ఆమెను పోల్చుకొనుటకే తడబడిరి. మధురమను అర్థముగల తన పేరు విడిచి, చేదు అను అర్థముగల మారా అను పేరుతో తన్ను పిలువుమని ఆమె కోరెను. నిండుగా వెళ్లి వట్టి చేతులతో వచ్చితినని వాపోయెను. అయితే రూతు ఆమెతోకూడ వచ్చియుండెను!

జ్ఞాపకార్థ కూడికలలో తల్లి ఓర్పును, ప్రార్థనను, వంటను ఎల్లరును కొనియాడుదురు. ఆమె చేదును ఎవరును తలంపరు. భాష రాక బజారులో చేసైగలతో కూరగాయలు కొనిన దినములు, పుట్టింటి మరణవార్త అందునప్పటికే సమాధి ముగిసిన రాత్రులు, ఇవన్నియు ఆమెతోనే మరుగగును. లేఖనము అట్లు చేయలేదు. నయోమి మూలుగును దాచలేదు, దిద్దలేదు. ఆ మాటకు దేవుడు ఆమెను గద్దించినట్లు అచ్చట వ్రాయబడలేదు. ఆయన ఇచ్చిన జవాబు కోతకాలము, బోయజు పొలము, తుదకు ఆమె కౌగిట ఒక శిశువు.

ఓబేదును పెంచినది నయోమియే. అమ్మమ్మల, నాయనమ్మల ప్రయాణములును ఇట్టివే. కుమార్తె పురిటికి ఒక పట్టణము, కుమారుని బదిలీకి మరియొక పట్టణము, మనుమని జ్వరమునకు వేరొక రైలు. బంధువులు ఆమె చూచిన ఊళ్లను లెక్కించుదురు. తన కొరకు మాత్రమే ఆమె చేసిన ప్రయాణము వెదకినను దొరకకపోవచ్చును. మత్తయి వ్రాసిన వంశావళిలో రూతు పేరున్నది, ఓబేదు పేరున్నది. నయోమి పేరు లేదు. అయినను ఆమె వెంట రూతు నడచి వచ్చిన త్రోవలోనే ఆ వరుస దావీదు వరకును, క్రీస్తు వరకును సాగినది.

తిమోతి విశ్వాసము మొదట అవ్వయైన లోయిలోను, తల్లియైన యునీకేలోను వసించెనని పౌలు గుర్తుచేసెను (2 తిమోతి 1:5). సాక్చివంటి చోట్ల తెలుగు మాటలాడగలిగియు చదువలేని మనుమలు ఎందరో కలరు. అవ్వ గీతలు గీసికొనిన బైబిలు బీరువాలో భద్రముగానున్నది. దానిని తెరచువారు లేరు. పటము గోడకు తగిలించుట సులభము. ఆమె మోసినదానిని మోయుటయే నిజమైన జ్ఞాపకము. ఆ గీతల క్రిందనున్న మాటలను చదువుటకైనను మనుమలు అక్షరములు నేర్చుకొనవలెను. అంతవరకు తాము ఎరిగిన భాషలోనే వాటిని ఇంట చదువుకొనవలెను. తల్లి సజీవురాలై యున్నయెడల, కూడిక దినము వరకు ఆగనేల? నేడే ఆమె ప్రక్కను కూర్చుండి, ఆమె చేదు దినములను అడిగి వినుడి. వట్టి చేతులతో వచ్చితినని తలంచు తల్లికి, ప్రక్కనున్న రూతే దేవుని జవాబు.

నయోమి వృద్ధాప్యమును పోషించిన దేవుడు, దూరదేశములందున్న ప్రతి తల్లిని ఆదరించి, ఆమె విశ్వాసమును ఆమె పిల్లల పిల్లలయందు నిలుపును గాక. ఆమేన్.