సంచిలో రెండు తూనికరాళ్లు

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 25:13–16, లూకా 3:10–14, అపొస్తలుల కార్యములు 5:1–11



సొంతముగా చిన్న పని చేసికొని బ్రదుకు విశ్వాసి ఆదాయపు పన్ను రిటర్నులో తన సంపాదన ఎంతని వ్రాయవలెను? ఉన్నదున్నట్లు వ్రాయవలెనని ఒక్క మాటలో చెప్పి ఊరకొనవచ్చును. కాని ఆ ఉన్నది ఎంతో తనకు తప్ప మరెవరికిని తెలియనప్పుడు ఆ ఒక్క మాట ఎంత బరువైనదో కొంచెము ఆలోచింతము.

సికిందరాబాదులోని సైనిక్‌పురిని చూడుడి. పేరులోనే ఉన్నట్లు అది సైనికుల ఊరు. సైన్యములో కొలువు ముగించినవారు ఇండ్లు కట్టుకొని స్థిరపడిన చోటు. నేడు అవే వీధులలో దర్జీలు, దుకాణదారులు, పిల్లలకు ట్యూషను చెప్పువారు, ఇంటనే కేకులు చేసి అమ్ముకొను స్త్రీలు కూడ కాపురమున్నారు. పల్లెల నుండి పోయి అక్కడ బ్రదుకు తెరువు చూచుకొన్న మన సంఘస్థులును వారిలో కలరు. పింఛను పుచ్చుకొను సైనికుని ఆదాయము రూపాయితో సహా ప్రభుత్వమునకు తెలియును. పన్ను పడవలసియున్న యెడల పింఛను చేతికి రాకముందే కోతపడును. తక్కువ చేసి చెప్పుటకు ఆయనకు సందే లేదు. పక్క యింటి దర్జీకో, ఎంత గిరాకీ వచ్చినది, ఎంత ఖర్చు పోయినది, ఎంత మిగిలినది, ఇవన్నియు అతని మనస్సుకే తెలియును. కాబట్టి నిజము చెప్పు భారము సైనికుని మీద కంటె దర్జీ మీదనే ఎక్కువగా ఉన్నది.

బాప్తిస్మమిచ్చు యోహాను నొద్దకు సుంకరులును సైనికులును వచ్చి, తాము చేయవలసినదేమని అడిగిరని లూకా వ్రాసినాడు. యోహాను ఎవరిని పని మానుకొమ్మనలేదు. సుంకరులతో నిర్ణయమైన దానికి మించి వసూలు చేయవద్దనెను. సైనికులతో జీతముతో తృప్తిపడుమనెను. గమనించితిరా? మారుమనస్సును గూర్చి అడిగినవారికి ఆయన రూపాయల లెక్కను గూర్చి జవాబిచ్చెను. లెక్కల పుస్తకము కూడ మారుమనస్సు కనబడవలసిన చోటే.

ఇప్పుడు చట్టము సంగతి. చిన్న వ్యాపారులు ప్రతి ఖర్చుకు చీటీ దాచి పద్దులు వ్రాయలేరని ప్రభుత్వమునకు తెలియును. అందుచేత 1961 నాటి ఆదాయపు పన్ను చట్టములో 44ఎడి అను సెక్షను పెట్టినారు. 2026 ఏప్రిల్ 1వ తేదీని అమలు తేదీగా పెట్టుకొన్న 2025 నాటి క్రొత్త చట్టములోను ఈ ఏర్పాటు నిలిచినది. దీని ప్రకారము చిన్న వ్యాపారి ఏడాదిలో వచ్చిన మొత్తము రాబడిలో 8 శాతమును, బ్యాంకు ద్వారా గాని ఫోను ద్వారా గాని వచ్చిన సొమ్ములో అయితే 6 శాతమును లాభముగా చూపవచ్చును. అయితే చట్టము అక్కడితో ఆగలేదు. అంతకంటె ఎక్కువ సంపాదించితినని చెప్పినయెడల ఆ ఎక్కువ మొత్తమే లెక్కకు వచ్చునని కూడ చెప్పినది.

ఒక కుట్టుపని దుకాణము అనుకొందము. ఏడాదికి తొమ్మిది లక్షల రూపాయలు ఫోన్‌పే మీద వచ్చినవి. గుడ్డ, దారము, పనివాండ్ర కూలి, గది అద్దె, కరెంటు బిల్లు పోగా మూడున్నర లక్షలు మిగిలినవి. ఆ మిగిలిన దానితోనే ఇల్లు గడిచినది, పిల్లల ఫీజులు కట్టినారు. రిటర్ను నింపువాడు 6 శాతము లెక్క కట్టి 54,000 రూపాయలని వ్రాసినాడు. ఇది చట్టములో ఉన్నదే గదా అనినాడు. చట్టములో ఉన్నమాట నిజమే. కాని అది పద్దులు వ్రాయు శ్రమను తప్పించినది గాని నిజము చెప్పు పూచీని తప్పించినదా? రిటర్ను చివర, ఇందులో చెప్పినది నాకు తెలిసినంతవరకు సరియైనదియు సంపూర్ణమైనదియునని ప్రమాణ పూర్వకముగా ఒప్పుకొనవలసి యున్నది. లాభము ఎంతో నిజముగా తెలియనివాడు శాతము ప్రకారము వ్రాసికొనవచ్చును. తెలిసినవాడు తెలిసినది వ్రాయవలెను. విశ్వాసి మనస్సాక్షికి ఇంతకంటె తేలిక దారి నాకు కనబడుట లేదు.

ఇందులో మరియొక వింత కలదు. 2025–26 ఆర్థిక సంవత్సరమునకు క్రొత్త పద్ధతిలో 4 లక్షల వరకు పన్నే లేదు. సామాన్యమైన ఆదాయము 12 లక్షలు దాటనివారు రిబేటు వలన ఏమియు కట్టనక్కర లేదు. అనగా ఆ దర్జీ మూడున్నర లక్షలని వ్రాసినను ఒక్క రూపాయి పన్ను పడదు. ఏ లాభమును లేకయే, వట్టి భయము చేత, ఎప్పటి నుండియో వచ్చుచున్న అలవాటు చేత, తన కష్టార్జితమును తానే చిన్నది చేసికొనుచున్నాడు.

ఈ అలవాటు ఒక అబద్ధముతో ఆగదు. రెండేండ్ల తరువాత అతడు ఇంటి అప్పుకై బ్యాంకునకు పోవును. బ్యాంకువారు గడచిన రెండు మూడేండ్ల రిటర్నులు అడుగుదురు. 54,000 చూచి తల అడ్డముగా ఊపుదురు. అప్పుడు వేరొక సలహాదారు వచ్చి, వచ్చే ఏడాది ఆరు లక్షలని వ్రాయుము, ఎటులను పన్ను పడదు గదా, ఎవరికి నష్టమని చెప్పును. మరల పిల్లవాని ఉపకార వేతనమునకు ఆదాయ ధ్రువపత్రము కావలసి మీసేవకు పోయినప్పుడు ఆరు లక్షలు మాయమై హద్దుకు లోబడిన చిన్న అంకె ప్రత్యక్షమగును. ఇక దశమ భాగము వేళ గుడిలో చెప్పు లెక్క ఇంకొకటి. మనిషి ఒకడే, ఆదాయములు నాలుగు! మోషే ధర్మశాస్త్రము పెద్దదియు చిన్నదియునైన తూనికరాళ్లను ఒకే సంచిలో ఉంచుకొనకూడదని ఖండితముగా చెప్పినది ఇందుకే. కొనునప్పుడొకటి, అమ్మునప్పుడొకటి వాడు వర్తకునికిని, పన్నువారి యెదుట ఒకటి, బ్యాంకు యెదుట ఒకటి వాడు మనకును భేదమేమి?

అననీయ సప్పీరాల కథ దీనికి మిక్కిలి దగ్గరగా ఉన్నది. పొలము వారిదే. అమ్మిన సొమ్మును వారిదేనని పేతురు స్పష్టముగా ఒప్పుకొనెను. అంతయు ఇచ్చి తీరవలెనని ఎవరును వారిని నిర్బంధింపలేదు. వారు తక్కువ తెచ్చినందుకు పడిపోలేదు. తెచ్చిన భాగమునే మొత్తమని చెప్పినందుకు పడిపోయిరి. ప్రియులారా, తక్కువ ఆదాయము పాపము కాదు. తక్కువ చేసి చెప్పుట పాపము. ఎక్కువ చేసి చెప్పుటయు అట్టిదే.

కొందరు ఇట్లనుదురు: "అయ్యగారూ, మనము కట్టిన పన్ను సరిగా ఖర్చగుచున్నదా? పెద్దవారు కోట్లు మింగుచుండగా మా వేలే లెక్కకు వచ్చినవా?" ఈ ఆక్షేపణలో బాధ కలదు, దానిని కొట్టివేయను. అయినను మన ప్రభువు కైసరునకు చెందవలసినది కైసరునకు చెల్లింపుమని చెప్పినప్పుడు రోమాను ప్రభుత్వము న్యాయముగా ఉండెనా? కొలది దినములకే ఆయనను సిలువకు అప్పగించినది ఆ ప్రభుత్వపు అధిపతియే. పౌలు రోమా సంఘమునకు పన్నును గూర్చి వ్రాసిన కాలమున కైసరు నీరో. దండన భయము కొరకు మాత్రమే గాక మనస్సాక్షి కొరకు లోబడవలెనని ఆయన రోమా 13:5లో వ్రాసెను. అన్యాయమును ఎదిరించుటకు వోటు కలదు, అర్జీ కలదు, కోర్టు కలదు. దొంగ లెక్క ఎదిరింపు కాదు. మరియు పక్క యింట నున్న సైనికుని విధవరాలికి నెలనెల వచ్చు కుటుంబ పింఛను ఏ సొమ్ము నుండి వచ్చుచున్నది? ప్రజలు కట్టిన పన్నుల నుండియే గదా.

మరి ఇదివరకే తప్పు లెక్క వ్రాసినవారి సంగతి ఏమి? జక్కయ్య దారి మూసివేయబడలేదు. అతడు అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు తిరిగి ఇచ్చుటకు సిద్ధపడెను. మన దేశములో 2022లో చేసిన సవరణ వలన అప్‌డేటెడ్ రిటర్ను అను ఏర్పాటు వచ్చినది. విడిచిపెట్టిన ఆదాయమును తనంతట తానే ఒప్పుకొని పన్ను కట్టుటకు అసెస్‌మెంటు సంవత్సరము ముగిసిన తరువాత రెండేండ్ల గడువు ఇచ్చిరి. 2025లో దానిని నాలుగేండ్లకు పెంచిరి. ఆలస్యమును బట్టి పన్ను వడ్డీల మీద 25 నుండి 70 శాతము వరకు అదనముగా కట్టవలెను. పన్ను తగ్గించుకొనుటకు ఈ ద్వారము పనికిరాదు; ఒప్పుకొనుటకే పనికివచ్చును. నాలుగంతలతో పోల్చిన ఇది తేలికయే. ఇక ఎక్కువ చేసి చూపినవారు తదుపరి ఏట నిజమైన అంకెకు దిగివచ్చి, ఆ అంకెకు దొరకు చిన్న అప్పుతోనే సరిపెట్టుకొందురు గాక.

చివరగా సంఘమునకు ఒక మాట. మన గుడులలో కానుకల పట్టీని పేర్లతోను మొత్తములతోను బిగ్గరగా చదువు అలవాటు పలుచోట్ల కలదు. వేయి రూపాయల వద్ద గొంతు పెరుగును, పది రూపాయల వద్ద తగ్గును. చిన్న అంకెను చూచి సిగ్గుపడుట మన బిడ్డలు మొదట ఎక్కడ నేర్చుకొనుచున్నారో ఆలోచింపుడి. మార్కు 12వ అధ్యాయములో కైసరు నాణెమును విధవరాలి రెండు కాసులును ఒకే చోట ఉన్నవి. ఆ రెండు కాసులు వేసిన విధవరాలిని ప్రభువు మెచ్చుకొనెను. ఏడాదికి లక్షన్నర సంపాదించినవాడు లక్షన్నర అని తల ఎత్తుకొని చెప్పగల సంఘము కావలెను.

ప్రార్థన: దేవా, మా చేతుల కష్టమును నీవెరుగుదువు. మేము సంపాదించినది కొంచెమైతే కొంచెమని, విస్తారమైతే విస్తారమని చెప్పు ధైర్యము మాకు దయచేయుము. మా సంచిలో ఒక్క రాయినే ఉంచుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.