ముట్టడిలో నాలుగో వైపు

యుద్ధంలో విషం పూసిన బాణం వాడకూడదు. ముళ్ల మొన బాణాలు, నిప్పు బాణాలు కూడా పనికిరావు. మనుస్మృతి ఏడో అధ్యాయం రాజుకు పెట్టిన కట్టడి ఇది. అదే అధ్యాయం మరో వంద శ్లోకాలు దాటాక, ముట్టడి వేసిన రాజు శత్రువు దేశాన్ని పీడించాలని, అక్కడి గడ్డిని, తిండిని, నీళ్లను, వంటచెరకును పాడుచేయాలని చెబుతుంది. బాణానికి విషం పూస్తే అధర్మం, బావిని పాడుచేస్తే రాజనీతి! బాణం తగిలేది సైనికుడికి. ఆ నీళ్లు తాగేది పసిపిల్లలతో సహా ఊరంతా. శాస్త్రకారుడికి ఈ తేడా తట్టలేదో, తట్టినా రాజు అవసరం చూసి ఊరుకున్నాడో తెలియదు గానీ, ఆ రెండో సలహాకు మాత్రం ఇప్పటికీ కాలదోషం పట్టలేదు. దాన్ని పాటించేది ఇప్పుడు రాజులు కాదు, సూటూబూటూ వేసుకుని న్యూయార్క్‌లో బల్ల చుట్టూ కూర్చునే దౌత్యవేత్తలు. ఆర్థిక ఆంక్షలంటే ఇదే.

దోషిని లొంగదీయడానికి నిర్దోషి కడుపు మాడ్చడం ధర్మమేనా? ఈ ప్రశ్నను ఐక్యరాజ్యసమితి కంటే ముందే మతాలు ఎదుర్కొన్నాయి. కౌటిల్యుడు ఇక్కడ రెండు నాల్కలతో మాట్లాడతాడు. అర్థశాస్త్రం పదమూడో అధికరణంలో, ముట్టడి వేళ పల్లెజనానికి అభయమివ్వమంటాడు. జనం లేని నేల ఏలడానికి పనికిరాదన్నది ఆయన లెక్క. ఆ వెంటనే, పంటలు నాశనం చేసి సరఫరాలు తెంచమనీ అంటాడు. దయ కూడా ఆయనకు ఖజానా వ్యవహారమే.

యూదు సంప్రదాయం ఇంకాస్త ముందుకెళ్లింది. ముట్టడి వేసినా పండ్ల చెట్లు నరకవద్దని ద్వితీయోపదేశకాండం శాసించింది. 12వ శతాబ్దంలో ఈజిప్టులో ఉండి యూదు ధర్మశాస్త్రాన్ని క్రోడీకరించిన మైమొనిడీస్ మరో నియమం రాశాడు. నగరాన్ని మూడు వైపులే చుట్టుముట్టాలి, ప్రాణాలు దక్కించుకోవాలనుకునేవాళ్ల కోసం నాలుగో వైపు వదిలేయాలి. ఇస్లాం సంప్రదాయంలో థుమామా ఇబ్న్ ఉథాల్ కథ ఉంది. యమామా ప్రాంతపు నాయకుడైన ఆయన ఇస్లాం స్వీకరించి, మక్కాకు వెళ్లే గోధుమలను ఆపేశాడు. మక్కావాళ్లు అప్పటికి ప్రవక్తకు శత్రువులు. అంతకుముందు ఆయన వంశాన్ని కొన్నేళ్లపాటు వెలివేసి కొనుగోళ్లు, అమ్మకాలు, పెళ్లి సంబంధాలు అన్నీ తెంచినవాళ్లు. అయినా వాళ్లు మొరపెట్టుకోగానే ధాన్యం వదిలేయమని ప్రవక్త కబురు పంపాడని ఆ కథనం. పగ తీర్చుకునే అవకాశం చేతికందిన రోజున చేసిన పని కాబట్టే దానికంత విలువ.

ఆధునిక కాలంలో ఈ ఆయుధానికి పెద్ద ప్రచారకర్త అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్. నానాజాతి సమితి కోసం 1919లో ఊరూరా తిరిగి ప్రసంగిస్తూ, ఆర్థిక బహిష్కారం ఉంటే తుపాకీ అక్కర్లేదన్నాడు. అది శాంతియుతమనీ, చప్పుడు చేయదనీ, ప్రాణాంతకమనీ ఆయనే చెప్పాడు, మెచ్చుకోలుగానే! అప్పటికి జర్మనీ జనం ఆ శాంతి రుచి చూసి ఉన్నారు. 1918 నవంబర్‌లో మొదటి ప్రపంచయుద్ధపు తుపాకులు ఆగినా నౌకా దిగ్బంధం మాత్రం 1919 జులై దాకా ఎత్తలేదు.

1990 ఆగస్టు 2న ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుస్సేన్ కువైట్‌ను ఆక్రమించాడు. నాలుగు రోజులకు భద్రతా మండలి 661వ తీర్మానంతో ఇరాక్, కువైట్‌లకు వ్యాపారం మూసేసింది. మందులకు మినహాయింపు ఉంది. తిండికి మాత్రం 'మానవతా పరిస్థితుల్లో' అని మెలిక పెట్టింది. అప్పుడు కువైట్‌లో లక్షన్నరకు పైగా భారతీయులున్నారు. కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి వెళ్లినవాళ్లు వాళ్లలో ఎందరో. తన జనానికి తిండి పంపడానికి భారత్, ఆ తీర్మానం అమలు చూసే మండలి కమిటీ అనుమతి అడగాల్సి వచ్చింది. సెప్టెంబర్‌లో 666వ తీర్మానం వచ్చాకే 'విశ్వసిద్ధి' ఓడ ఆహారంతో కదిలింది. ఆకలి ఎప్పుడు మానవతా పరిస్థితి అవుతుందో తేల్చేందుకు కమిటీ కూర్చోవడమే వింత. అయినా ఆ రోజు నాలుగో వైపు కాస్త తెరుచుకుంది.

కువైట్‌కు విముక్తి వచ్చింది, ఇరాక్ మీద ఆంక్షలు 2003 దాకా ఉండిపోయాయి. 1991 యుద్ధంలో కరెంటు కేంద్రాలు దెబ్బతిని నీటిశుద్ధి, మురుగు పంపులు ఆగాయి. బాగుచేద్దామంటే సామాను కావాలి, సామానుకు కమిటీ అనుమతి కావాలి. ఆయుధాల తయారీకి కూడా పనికొస్తుందన్న అనుమానంతో ఎన్నో దరఖాస్తులను కమిటీలోని దేశాలు, ముఖ్యంగా అమెరికా, నిలిపేశాయి. 2002 నాటికి అలా ఆగిన సరుకుల విలువ సుమారు 500 కోట్ల డాలర్లు. నీళ్లు పాడుచేయమన్న మనువు సలహాను ఎవరూ గుర్తుచేసుకోలేదు, ఫైలు మీద సంతకం పెట్టకపోతే చాలు.

సద్దాం అమాయకుడేం కాదు. చమురు అమ్మి తిండి కొనుక్కోవచ్చని 1991లోనే మండలి చెబితే కాదన్నాడు. ఆ పథకం 1996 చివరికి గానీ మొదలుకాలేదు. ఈలోపు రేషన్ కార్డు ప్రభుత్వం చేతిలో ఉంది కాబట్టి, ఆకలి పెరిగేకొద్దీ జనం ఆయన గుప్పిట్లోకే వెళ్లారు. 1996 మేలో ఒక టీవీ విలేకరి, 5 లక్షల మంది పిల్లలు చనిపోయారంటున్నారు, ఈ మూల్యం సబబేనా అని ఐరాసలో అమెరికా రాయబారి మెడలిన్ ఆల్‌బ్రైట్‌ను అడిగింది. సబబేనని ఆమె జవాబిచ్చింది. ఆ మాట అన్నందుకు తర్వాత పశ్చాత్తాపపడింది. ఆ అంకె తప్పని, దాన్ని బలపరిచినట్టు కనిపించిన తర్వాతి సర్వే లెక్కల్లో ఇరాక్ ప్రభుత్వం వేలు పెట్టిందని పరిశోధకులు చూపించారు. సరే, అంకె తప్పే కావచ్చు. కానీ ఆమె దాన్ని కాదనలేదు, నిజమైతేనే ఏమన్నట్టు జవాబిచ్చింది. ధర్మ విచారణకు అంకె కంటే ఆ జవాబే ముఖ్యం. ఇరాక్‌లో ఐరాస సహాయ కార్యక్రమం నడిపిన డెనిస్ హాలిడే 1998లో, ఆయన స్థానంలో వచ్చిన హాన్స్ ఫాన్ స్పోనెక్ 2000లో ఆంక్షలను నిరసిస్తూ పదవులు వదిలేశారు.

క్రైస్తవ తత్వవేత్తలకు ఇలాంటి చోట్ల ఆదుకునే వాదం ఒకటుంది. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ ఆత్మరక్షణ గురించి రాసిన మాటల నుంచి పెరిగింది అది. మంచి ఉద్దేశంతో చేసిన పనికి ఉద్దేశించని చెడు ఫలితం వెంట వస్తే, అది ఒక హద్దులో ఉంటే, చేసినవాడికి పాపం అంటదని సారాంశం. ఆయుధ కర్మాగారం మీద వేసిన బాంబు పక్కింటిని కూల్చితే ఈ వాదం కొంత నిలబడుతుంది. ఆంక్షల దగ్గర నిలబడదు. ఇక్కడ జనం బాధ పొరపాటున తగిలే దెబ్బ కాదు. జనం బాధపడి పాలకుడి మీద తిరగబడాలన్నదే పథకం. ఆ బాధ తీసేస్తే ఆయుధమే లేదు.

తెలుగు పల్లెలకు ఈ ఆయుధం పాత పరిచయమే. దళితవాడకు కూలిపని ఆపడం, కిరాణా కొట్టులో సరుకు అమ్మకపోవడం ఎన్నో ఊళ్లు చూశాయి. 1991 ఆగస్టు 6న చుండూరులో దళితుల ఊచకోతకు ముందు అక్కడ సాంఘిక బహిష్కరణ నడిచింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ సాంఘిక, ఆర్థిక బహిష్కరణను నేరంగా రాసింది. ఊరి స్థాయిలో నేరమైనది ఖండాల స్థాయిలో చట్టబద్ధమైన సాధనం. దేశాల విషయంలో లక్ష్యం దుర్మార్గపు ప్రభుత్వం కదా అనవచ్చు. సమస్యల్లా, దెబ్బ ఆ ప్రభుత్వం దగ్గర ఆగదు.

అలాగని అన్ని బహిష్కారాలనూ ఒకే గాటన కట్టలేం. జాతివివక్ష మీద దక్షిణాఫ్రికాతో 1946లోనే వ్యాపారం తెంచుకున్న తొలి దేశం భారత్. అక్కడ ఆంక్షలు కోరింది ఆల్బర్ట్ లుతూలీ, డెస్మండ్ టుటు వంటి నల్లవాళ్ల నాయకులే. నష్టం ముందు తగిలేది తమ జనానికేనని తెలిసి మరీ అడిగారు. తన కష్టాన్ని తానే ఎంచుకున్నవాడి ఆకలి వేరు, వాడి తరఫున ఇంకొకడు ఎంచిన ఆకలి వేరు. ఇరాక్ జనాన్ని ఎవరూ అడగలేదు.

మరి ఇంగ్లండ్‌లోని లాంకషైర్ నేతకార్మికులను మాత్రం గాంధీ అడిగాడా? విదేశీ బట్టల బహిష్కారంతో వాళ్ల మిల్లుల కష్టాలు ముదిరాయి. వాళ్లు ఓడించాల్సిన దొరలు కారు, కూలి జనం. 1931 సెప్టెంబర్‌లో రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వెళ్లిన గాంధీ, డార్వెన్ దగ్గరి ఆ కార్మికుల మధ్యకే వెళ్లాడు. బహిష్కారం వెనక్కి తీసుకోలేదు, మీ కంటే మా పేదలు ఇంకా ఆకలితో ఉన్నారని సూటిగా చెప్పాడు. మిల్లు ఆడవాళ్లు ఆయన చుట్టూ చేరి జేజేలు కొట్టిన ఫొటో ఇప్పటికీ దొరుకుతుంది. దాంతో వాళ్ల నష్టం తీరలేదు, ఆయన చర్య తనంతట ధర్మమైపోలేదు కూడా. కానీ తన నిర్ణయంతో దెబ్బతిన్నవాళ్ల ముందు నిలబడి జవాబు చెప్పుకున్నాడు. 661 కమిటీ తలుపులు మూసుకుని కూర్చునేది. ఏ సామాను ఎందుకు ఆగిందో ఇరాక్ నగరం బస్రాలోని తల్లికి చెప్పినవాళ్లు లేరు.

నాలుగో వైపును శాశ్వతంగా తెరిచే ప్రయత్నం 2022 డిసెంబర్ 9న జరిగింది. ఐరాస ఆస్తుల స్తంభన ఆంక్షలేవీ మానవతా సాయానికి అడ్డురాకూడదని మండలి 2664వ తీర్మానం చేసింది. పద్నాలుగు దేశాలు అవునన్నాయి. ఓటు వేయకుండా తటస్థంగా ఉన్నది ఒక్క భారత్, అదీ ఆ నెల మండలికి అధ్యక్షత వహిస్తూ. సాయం ముసుగులో ఉగ్రవాద సంస్థలు నిధులు దండుకుంటాయని, పొరుగున అలా జరిగిందని భారత్ అభ్యంతరం. దాడుల్లో మనుషుల్ని పోగొట్టుకున్న దేశం ఆ మాట అంటే కొట్టిపారేయలేం. అల్‌ఖైదా, ఐసిస్ ఆంక్షల విషయంలో ఆ మినహాయింపుకు రెండేళ్లే గడువు పెట్టారు. 2024 డిసెంబర్‌లో మండలి ఆ గడువును తీసేసింది. అప్పటికి భారత్ మండలిలో లేదు.