మిగిలిన గంటల లెక్క

పోయిన నెల రెండు రోజుల పని మీద రాజమండ్రి పోయి వచ్చినాను. పోయేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు విమానం. రైల్లో ఒక రాత్రి పైచిలుకు పట్టిన దూరం, మధురపూడి నుంచి బెంగుళూరికి రెండు గంటల్లో తెమిలిపోయింది. మధురపూడిది చిన్న విమానాశ్రయం. తోపులాట లేదు, పరుగులు లేవు. పైకి లేచినాక కింద వరిమళ్ళు, వాటి అవతల గోదావరి కనిపించినాయి.

కష్టమంతా దేవనహళ్ళిలో దిగినాకే. బెంగుళూరు దాటి, అత్తిబెలె మీదుగా హోసూరు చేరేసరికి మూడు గంటలు. ఆకాశంలో కన్నా బస్సులోనే ఎక్కువసేపు వున్నాను. 'మన వూళ్ళోనే దిగగలిగితే!' అని ఎన్నిసార్లు అనుకున్నానో. అనుకోవటమే కాదు, అంతకు వారం ముందే మా వీధివాళ్ళు తెచ్చిన వినతిపత్రం మీద సంతకం కూడా పెట్టినాను.

ఆ కోరిక మా ఒక్క వీధిది కాదు. పక్కన బేలగొండపల్లిలో ప్రైవేటు రన్‌వే చాలా ఏళ్ళుగా వుంది గాని, మనవంటి ప్రయాణికులకు దానితో పని లేదు. 2033 దాకా 150 కిలోమీటర్ల లోపల ఇంకొక పెద్ద విమానాశ్రయం కట్టగూడదని బెంగుళూరు విమానాశ్రయం ఒప్పందంలో షరతు వుంది. అయినా హోసూరులో 2000 ఎకరాల్లో, ఏడాదికి 3 కోట్ల మంది ప్రయాణించేటట్టు విమానాశ్రయం కడతామని 2024 జూన్‌లో తమిళనాడు ముఖ్యమంత్రి శాసనసభలో ప్రకటించినారు. ఆ వార్త చదివి సంతోషపడినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

అయితే 2000 ఎకరాలంటే ఎవరో ఒకరి చేలు. వాణిజ్యశాస్త్రంలో మాకు మొదట నేర్పిన పాఠం ఒకటుంది. ఒక ఖాతాలో జమ పడిందంటే, ఇంకొక ఖాతాలో ఖర్చు రాసి తీరాలి. నాకు మూడు గంటలు మిగిలితే, అవి ఎవరి ఖాతాలో ఖర్చు రాయాలి?

కొన్నేళ్ళ కిందట ఒక పరిశ్రమ కోసం భూమి ఇచ్చిన రైతు, పరిహారం చెక్కుతో మా శాఖకు వచ్చినాడు. ఆ నెల డిపాజిట్ల లక్ష్యం అందక సతమతమవుతున్న నేను కాఫీ తెప్పించి కూర్చోబెట్టినాను. వడ్డీ రేట్లు, కాలపరిమితి అన్నీ చెప్పినాను. అంతా విని ఆయన ఒక్క మాట అడిగినాడు: "సార్, ఈ దుడ్డు ఎన్ని పంటలకు వస్తుంది?" నేను నవ్వి, సంవత్సరాల్లో లెక్క చెప్పినాను. ఆయన తల వూపినాడు గాని నేను చెప్పింది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. చేను తన కొడుక్కీ పండుతుంది, మనవడికీ పండుతుంది. డిపాజిట్టుకు గడువు తేదీ వుంటుంది.

మన పత్రిక చదివేవాళ్ళకు ఇంకొక ఖర్చు సంగతి చెప్పనక్కరలేదు. తమిళం తప్పనిసరి చేస్తూ 2006లో చట్టం వచ్చినాక బళ్ళలో తెలుగుకు చోటు తగ్గింది. ఇప్పుడు మన మాట నిలిచింది ఇళ్ళల్లో, చేలల్లో, జాతరల్లో. ఒక వూరు చెదిరి తలా ఒక టౌన్లో బాడుగ ఇంట్లో చేరితే ఆ మాట ఎవరితో మాట్లాడాలి? పరిహారం పట్టికలో బావికి ధర వుంది, మామిడి చెట్టుకు ధర వుంది. ఇరుగుపొరుగుకు లేదు.

అట్లని విమానాశ్రయం వద్దనే హక్కు నాకుందా? నేనుండే ఇల్లు ఒకప్పుడు రాగిచేను. ఫ్యాక్టరీలు వచ్చినందుకే ఈ వూరు పెరిగింది, నా బ్యాంకూ పెరిగింది. రైతుబిడ్డల్లో ఎందరికో వాటిలోనే పని దొరికింది. అన్నీ అనుభవించి, ఇప్పుడు చేలు అందంగా వున్నాయి, అట్లే వుండనీ అనటం కూడా ఒక రకం స్వార్థమే. ఎండలో దున్నేది నేను కాదు గదా.

కాబట్టి నాకు తోచింది ఇంతే. లాభం పొందేవాడు ఖర్చు ఎవరిదో తెలుసుకోవాలి. దుడ్డు ఇచ్చినాము, లెక్క తీరిపోయింది అనుకోగూడదు. 2013 భూసేకరణ చట్టం ధరతోబాటు పునరావాసం మాటను కూడా చేర్చింది. ఆ మాట కాగితం దాటి రావాలంటే అడగవలసింది భూమి పోయేవాళ్ళు మాత్రమే కాదు, విమానం ఎక్కబోయేవాళ్ళు కూడా.

వూరికి వచ్చినాక మా వీధివాళ్ళ దగ్గరకు పోయినాను. సంతకం వెనక్కు తీసుకోలేదు. కింద ఒక వాక్యం చేర్చమని అడిగినాను: "భూమి పోయే వూళ్ళను చెదరగొట్టకుండా, వూళ్ళుగానే ఇంకొకచోట నిలబెట్టవలెను." వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "అది మన పని కాదు గదా సార్" అన్నాడు ఒకాయన.

మరి ఎవరి పని?