పూస చెప్పేది ఎవరికి?

మన ఆడవాళ్ళకు చదువు రాదు కాబట్టి ఆరోగ్య విషయాలు తలకెక్కవని బయటివాళ్ళే కాదు, మనలో చదువుకున్న కొందరు కూడా అంటారు. మేము ఒప్పుకోం. ఏ అడవి దుంపను ఎన్నిసార్లు నీళ్ళు మార్చి ఉడికిస్తే చేదు పోతుందో కాగితం లేకుండా చెప్పేవాళ్ళు వాళ్ళు. సోలతో, కుంచంతో, వేళ్ళ కణుపులతో లెక్క కట్టేవాళ్ళు. కోయ, కువి, సవర మాట్లాడే ఇంటి గోడకు తెలుగు పోస్టరు అంటించి అవగాహన కల్పించామనుకుంటే తప్పు ఎవరిది?

అందుకే చేత్తో పట్టుకుని తెలుసుకునే వస్తువులు వచ్చాయి. అంగన్‌వాడీలో పిల్లల జబ్బకు చుట్టే రంగుల టేపు మీరు చూసే ఉంటారు. ఆరు నెలలు దాటి ఐదేళ్ళలోపు బిడ్డ జబ్బ కొలత 115 మిల్లీమీటర్లకు తగ్గితే ఎరుపు, 125కు తగ్గితే పసుపు, ఆపైన ఆకుపచ్చ. తల్లే చుట్టి చూసుకోవచ్చు.

అమెరికాలోని జార్జిటౌన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 32 పూసల దండ ఒకటి తయారుచేశారు. ఎర్రపూస నెలసరి మొదటి రోజు. రోజుకో పూస చొప్పున చిన్న రబ్బరు రింగు జరుపుతూ పోవాలి. ఎనిమిదో రోజు నుంచి పంతొమ్మిదో రోజు దాకా తెల్లపూసలు, అంటే గర్భం నిలిచే రోజులు. నెలసరి 26 నుంచి 32 రోజుల మధ్య క్రమంగా వచ్చేవారికే ఇది పనికొస్తుంది. పూసలు మనకు కొత్త కావు, లెక్కా కష్టం కాదు. కానీ రింగు తెల్లపూస మీద ఉన్న రాత్రి భర్త వినకపోతే? దండ రోజు చెబుతుంది. వద్దనే బలం ఇవ్వదు. అది ఇంట్లో మగవాడు నేర్చుకోవలసిన పాఠం, అతని చేతికి మాత్రం ఎవరూ పూసలు ఇవ్వరు.

రాజస్థాన్‌లోని ఉదయపూర్ ప్రాంతంలో ఖుషీ బేబీ అనే సంస్థ బిడ్డ మెడలో నల్లదారంతో ఒక లాకెట్టు వేసింది. దిష్టికి కట్టే దారమే కాబట్టి తల్లులకు అది పరాయి వస్తువు కాదు. టీకాల వివరాలు లోపలి చిప్‌లో ఉంటాయి. మంచి ఆలోచన. అయినా ఇక్కడొక తేడా ఉంది. టేపు, పూసలు స్త్రీతోనే మాట్లాడతాయి. లాకెట్టు నర్సమ్మ ఫోనుతో మాట్లాడుతుంది. మోసేది మనం, చదివేది మరొకరు. ఆమె చదివి తల్లికి వినిపిస్తే మేలే. వినిపించకపోతే అది మెడలో వేసుకున్న మూసిన పుస్తకం.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, ఇప్పుడు మన చేతుల్లోకి సికిల్ సెల్ కార్డు వస్తోంది. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద, ముఖ్యంగా గిరిజన ప్రాంతాల్లో, 40 ఏళ్ళ లోపు ఏడు కోట్ల మందికి పరీక్ష చేయాలన్నది లక్ష్యం. పరీక్ష కావాలి, అందులో సందేహం లేదు. తల్లి నుంచి ఒక పాలు, తండ్రి నుంచి ఒక పాలు వస్తేనే బిడ్డకు ఈ జబ్బు. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు ప్రమాదం. వాహకురాలు మాత్రం రోగి కాదు.

మరి పెళ్ళి మాటల్లో పిల్ల కార్డు అడిగి, పిల్లవాడి కార్డు పెట్టెలోనే ఉంచితే? వంశంలో మచ్చ ఉందని ఆమెనే తిప్పి పంపితే? దాచుకోవడం ఆమె హక్కని కొందరంటారు. పుట్టబోయే బిడ్డ మాటేమిటని మరికొందరంటారు. రెండూ నిజమే. మాకు తోచిన న్యాయం ఇది: మాటలు మొదలయ్యే ముందే రెండు కార్డులూ ఒకే రోజు, ఆ ఇద్దరి చేతుల మీదుగానే బయటికి రావాలి. పెద్దలు అడిగి లాక్కోకూడదు. అర్థం ఆశా కార్యకర్త వాళ్ళ భాషలో చెప్పాలి. ఆపైన చేసుకోవాలా వద్దా, చేసుకుంటే కాన్పు ముందు ఏ పరీక్ష చేయించుకోవాలి అన్నది ఆ ఇద్దరి నిర్ణయం.

ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసే టీచర్లకు ఒక మాట. పరీక్షలవాళ్ళు వచ్చి వెళ్ళాక ఫలితాల జాబితా మీ బల్ల మీదికి వస్తుంది. దాన్ని అసెంబ్లీలో చదవకండి, నోటీసు బోర్డుకు అంటించకండి. ఒక్కొక్క పిల్లను పక్కకు పిలిచి, ఆమె కార్డు ఆమె చేతిలోనే పెట్టండి. మగపిల్లలకూ అలాగే.