అదే బండా?

ప్రాణం తీసిన బండిని కొనకూడదని మా ఊళ్లో అందరిదీ ఒకటే మాట. మా ఆడపడుచు ఫోన్ చేసి మరీ చెప్పింది. గుళ్లో పంతులుగారు మెత్తగా, "తెలిసి తెలిసి ఎందుకమ్మా" అన్నారు. మా డ్రైవరబ్బాయి ఏమీ అనలేదు గానీ, తాళం ఇస్తుంటే చేత్తో అందుకోలేదు, బల్ల మీద పెట్టమన్నాడు.

2012 మోడల్ బొలెరో పికప్ అది. కడియపులంకలో మొక్కల వ్యాపారం చేసే ఒకాయనది. ఒక చలికాలం తెల్లవారుజామున, మంచులో, కాలవగట్టు రోడ్డు మీద సైకిల్‌ను గుద్దింది. సైకిల్ మీదున్నాయన పూలమూట కట్టుకుని మార్కెట్టుకు పోతున్నాడు. మా వైపు పూల బేరాలు పొద్దెక్కే దాకా ఆగవు. ఆ వేళకు గట్టు మీద సైకిళ్లు ఉంటాయని ఎరగని డ్రైవరు ఉండడు. ఆస్పత్రికి చేర్చేలోగా ఆయన పోయాడు. కేసు నడిచింది. ఇన్సూరెన్సు వాళ్లు పరిహారం కట్టారు. బండి స్టేషన్ నుంచి బయటికొచ్చాక యజమాని కొన్నాళ్లు తిప్పి, కిరాయిలు రాక షెడ్డు వెనక పడేశాడు. అదే మోడలు, అదే స్థితిలో ఉన్న బండి బయట మూడున్నర లక్షలు పలుకుతుంటే నాకు లక్షా తొంభై వేలకు ఇచ్చాడు. కొత్తది కొనే స్తోమత నాకు లేదు. ఆ లక్షా అరవై వేల తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం నాకు తెలుసు. ఒక మనిషి చనిపోవడం వల్ల వచ్చింది.

ఇనుముకు పాపం అంటుతుందా? ఇది మూఢనమ్మకం అని తోసేసేవాళ్లు ఉన్నారు. నేను తోసెయ్యలేను. ఆ బండి ఎదురొస్తే దారి తప్పుకునేవాళ్లు నాకు తెలుసు. వాళ్లు తెలివితక్కువవాళ్లేమీ కాదు. ఒక మరణాన్ని మామూలు సంగతిగా తీసుకోలేక తప్పుకుంటున్నారు. ఆ భావం నాకూ ఉంది. ఆంధ్రా యూనివర్సిటీలో తత్వశాస్త్రం చదువుకున్నాను, పెళ్లయ్యాక ఆ పుస్తకాలు అటక ఎక్కాయి. ఈ బండి వాటిని కిందికి దించింది.

రాజమండ్రి తీసుకెళ్తే మేస్త్రి ఇంజన్ స్టార్ట్ చేయించి, ఆయిల్ మూత విప్పి, దాని మీద అరచెయ్యి పెట్టాడు. పొగ గుప్పుమని కొట్టింది. "బ్యాక్ కంప్రెషనండి. పిస్టన్లు, రింగులు అయిపోయాయండి" అన్నాడు. ఇంజన్ దింపి బోరు చేయించాం. క్యాబిన్ అడుగున తుప్పు తినేసిన చోట స్క్రూడ్రైవరు గుచ్చితే అవతలికి దిగింది, దాంతో క్యాబిన్ మొత్తం మార్చాల్సి వచ్చింది. విజయవాడ ఆటోనగర్‌లో, తుక్కుకు పోయిన మరో బొలెరోది దొరికింది. అంటే ఇవాళ మా బండి ముఖం ఇంకో బండిది. కమాన్ కట్టల్లో విరిగిన పట్టీలు తీసేసి కొత్తవి వేశారు. వైరింగు, రేడియేటరు, క్లచ్ ప్లేటు, టైర్లు, సీటు అన్నీ మారాయి. వెనక తొట్టి మొక్కల కుండీలు రెండు వరసలుగా పట్టేలా కొత్తగా కట్టించాను.

పాత సామాను షెడ్డులో ఒక మూల గుట్టగా పోశారు. ఆ గుట్టే పెద్దదిగా కనిపించింది నాకు. "ఇంక పాత బండిది ఏం మిగిలిందయ్యా?" అని అడిగాను.

"చాసీ ఉంది కదండీ. చాసీ ఉంటే బండి ఉన్నట్టేనండి. మిగతాయన్నీ సామాన్లండి."

మిళింద పన్హ అనే బౌద్ధ గ్రంథంలో నాగసేన భిక్షువు, గ్రీకు రాజు మిళిందుడూ మాట్లాడుకున్నది ఇదే. మిళిందుడంటే క్రీస్తుకు ముందు రెండో శతాబ్దంలో శాకల నగరం నుంచి ఏలిన మినాండరు. నీలో నాగసేనుడు ఎవరని రాజు అడిగితే భిక్షువు ఎదురు ప్రశ్న వేస్తాడు. రథం మీద వచ్చానన్నావు, ఏది రథం? నొగ రథమా? ఇరుసా? చక్రాలా? పగ్గాలా? కాదు, కాదు అంటాడు రాజు. ఇవన్నీ కలిపినదా? కాదు. వీటికి బయట ఇంకేదైనా ఉందా? లేదు. ఈ భాగాలను ఆనుకుని రథమనే పేరు వ్యవహారంలోకి వస్తుందని చివరికి రాజే ఒప్పుకుంటాడు. మనిషీ అంతేనంటాడు నాగసేనుడు.

కఠోపనిషత్తులోనూ రథం ఉంది. అక్కడ శరీరం రథం, బుద్ధి సారథి, మనసు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు, లోపల కూర్చున్న రథికుడు ఆత్మ. ఉపనిషత్తు రథాన్ని విప్పి చూడదు. దాని చూపంతా లోపలున్నవాడి మీదే. నాగసేనుడు ఒక్కొక్క భాగమే విప్పి కింద పెడతాడు, లోపల ఎవరూ కనిపించరు. మా మేస్త్రి ఈ రెంటికీ మధ్య నిలబడ్డాడు. అన్నీ విప్పుతాడు గానీ ఒక్కటి మాత్రం విప్పకూడనిది ఉందంటాడు.

ఆ నమ్మకం ఎంత బలమైనదో పూరీ వెళ్తే తెలుస్తుంది. జగన్నాథుడి రథం నందిఘోష, పదహారు చక్రాలది. ఏటా కొత్త కర్రతో చేస్తారు. నిరుటి నందిఘోష ఇప్పుడు లేదు, అయినా ఈ ఏడు లాగేదీ నందిఘోషే. దానికి ఎవరూ బెంగపడరు. స్వామి విగ్రహం విషయంలో అలా ఊరుకోలేదు. అధిక ఆషాఢం వచ్చిన ఏడు, 1996లోనూ 2015లోనూ జరిగినట్టు, నవకళేబరం చేసి వేపదారువుతో కొత్త విగ్రహాలు చెక్కుతారు. పాతవాటిలోని బ్రహ్మపదార్థాన్ని కొత్తవాటిలో పెట్టే సేవకుడి కళ్లకు గంతలు కడతారు, చేతులకు గుడ్డ చుడతారు. పాత విగ్రహాలను కోయిలి వైకుంఠంలో సమాధి చేస్తారు. రథానికి పేరు చాలు, దేవుడికి పేరు చాలదు. ఒకే గుడి, ఒకే పండగ, ఒక చోట నాగసేనుడి మాట చెల్లుతుంది, ఇంకోచోట చెల్లదు. నాకు ఇందులో వైరుధ్యం కనిపించదు. ఎక్కడ ప్రేమ ఉంటే అక్కడ మనిషి, మారని ముక్క ఒకటి కావాలంటాడు. ఎక్కడ భయం ఉన్నా అంతే. మా ఊరివాళ్లు ఈ బండిలో పాపాన్ని వెతికింది కూడా అలాంటి మారని ముక్కగానే.

అయితే ఆ ముక్క చాసీయేనా? చాసీ మీద పదిహేడు అక్షరాలూ అంకెలూ గుద్ది ఉంటాయి, ఆర్సీలో ఉన్నదీ అదే నంబరు. బ్రేకిన్‌స్పెక్టరు గారు కాగితం చూసి, వంగి, తుడిచి చదివేది ఆ వరసనే. కానీ ఆ నంబరున్న ముక్కను కోసి ఇంకో చాసీకి అతికించే దొంగలున్నారు, అరగదీసి కొత్త నంబరు గుద్దేవాళ్లూ ఉన్నారు. ఆత్మ ఉన్న చోటు గ్రైండరుతో చెరిగిపోతుందంటే అది ఆత్మ కాదు. మనుషులు నలుగురూ కలిసి పెట్టుకున్న గుర్తు. చాసీ దగ్గర కూడా నాగసేనుడే నెగ్గాడు.

అక్కడితో తేలిపోతే బాగుండేది. బండి అనేది లేదు, కాబట్టి పాపం ఉండడానికి చోటు లేదు, ఆడపడుచుకు ఈ మాట చెప్పి నిమ్మకాయలు తొక్కించి బయల్దేరొచ్చు. కానీ వెనక డ్రమ్ములు విప్పిన రోజు ఇంకోటి తెలిసింది. ఎడమ వెనక చక్రంలో వీల్ సిలిండరు కారుతోంది. బ్రేక్ లైనర్లు ఆయిల్‌తో తడిసి నల్లగా నిగనిగలాడుతున్నాయి. తడిసిన లైనరు డ్రమ్మును పట్టదు, జారుతుంది. మేస్త్రి దాన్ని వేలితో గీకి నాకు చూపించాడు. ఆ తెల్లవారుజామున కూడా అది కారుతోందో లేదో చెప్పడానికి ఇప్పుడు ఆధారమేమీ లేదు. కారుతూ ఉండగా మాత్రం ఈ బండి రోడ్ల మీద తిరిగింది.

దోషం ఉందన్నవాళ్లు అబద్ధం చెప్పలేదు. అది ఎడమ వెనక చక్రంలో ఉంది. ఇనుములో నివాసమున్న అశుభంగా లేదు. ఒకదాన్నుంచి ఇంకొకటి పుట్టే కారణాల వరసలో ఉంది. రబ్బరు వాషరు అరిగింది, ఆయిల్ కారింది, పెడలు లోతుకు పోయింది, నడిపేవాడికి కాలి కింద తెలిసింది, కిరాయి పోతుందని వాయిదా పడింది. బౌద్ధులు ప్రతీత్యసముత్పాదం అనేది ఇలాంటి వరసనే. ఈ వరసలో ఏ ఒక్కటీ పాపం కాదు, తెలిసి వాయిదా వేసిన ఆ ఒక్క చోటు తప్ప. అక్కడ మనిషి ఉన్నాడు. ఏ చోట మనిషి ఉన్నాడో ఆ చోటే వరసను తెంపడానికీ వీలుంది. నాలుగు చక్రాలకూ బ్రేకు సామాను కొత్తది వేయించాను. మాస్టర్ సిలిండరు బాగానే ఉంది, ఇంకో ఏడాది వస్తుందని మేస్త్రి అన్నా మార్పించాను.

మిళిందుడు వేసిన ఇంకో ప్రశ్న నాకు మొదటిదానికన్నా పెద్దది. ఆత్మే లేకపోతే చేసిన కర్మ ఎవరికి చుట్టుకుంటుంది? నాగసేనుడు మామిడిపళ్ల దొంగ సంగతి చెబుతాడు. పట్టుబడిన దొంగ, నేను కోసిన పళ్లు తోటవాడు పాతిన పళ్లు కావు, అవి వేరు, ఇవి వేరు అని వాదిస్తాడు. అయినా శిక్ష తప్పదు, పాతినవాటి నుంచే ఇవి వచ్చాయి గనక. మళ్లీ పుట్టినవాడు అతడే కాదు, పూర్తిగా వేరొకడూ కాదు.

మామిడి మాట నాకు పుస్తకంలోది కాదు. మా నర్సరీలో ఎక్కువగా అమ్మేది అంటుమొక్కలే. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిన బంగినపల్లినే తీసుకోండి, టెంకె పాతితే వచ్చే చెట్టు తల్లి లాగే కాస్తుందన్న నమ్మకం లేదు. నాటు మామిడి మొక్కకు బంగినపల్లి పుల్ల అంటుకడతాం. వేరు ఒకదానిది, కొమ్మ ఇంకోదానిది. కొనే రైతు "ఇది బంగినపల్లేనాండీ" అంటే అవునంటాను. ఆ అవునులో చెట్టు స్వరూపం కన్నా నా పూచీ ఎక్కువ ఉంది. నాలుగైదేళ్లకు కాపు తేడా వస్తే ఆ రైతు వచ్చి నిలబడేది నా గుమ్మంలోనే.

చట్టం కూడా ఇదే దారి పట్టింది. మోటారు వాహనాల చట్టం యాభయ్యో సెక్షను ప్రకారం బండి చేతులు మారితే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. చాలామంది తెలపరు. బండి నలుగురి చేతులు దాటినా ఆర్సీ మొదటివాడి పేరునే ఉంటుంది. అలాంటి బండి ఒకటి ప్రాణం తీసిన కేసులో, రికార్డులో పేరున్నవాడే యజమాని, పరిహారం బాధ్యత అతనిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎప్పుడో అమ్మేసినవాడికి అది అన్యాయంగా తోచొచ్చు. కానీ చనిపోయినవాళ్ల తాలూకు మనిషి బండి ఎవరెవరి చేతులు మారిందో వెతుక్కుంటూ తిరగకూడదు కదా. ఎవరో ఒకరు నిలబడి నాదీ అనాలి. బండికి ఆత్మ లేదు గనకే ఆ మాట మనుషులు అనాల్సి వస్తుంది.

పోయినాయన భార్య మా పక్క నర్సరీలో కూలికొస్తుంది. బండి వచ్చిన వారంలోనే ఒక సాయంత్రం గేటు దగ్గర ఆగింది. కొత్త క్యాబిన్, కొత్త తొట్టి, అయినా తెల్లరంగే, నంబరు ప్లేటు అదే.

"అదే బండాండీ?"

అందులో ముప్పావు వంతు వేరేదని చెప్పొచ్చు. ముఖమే వేరే బండిదని చెప్పొచ్చు. అవన్నీ నిజాలే. అదే కాదు, వేరూ కాదు అని నాగసేనుడిలా చెప్పడం పుస్తకంలో సరైన జవాబు. ఆమె ముందు అది తప్పించుకోవడం అవుతుంది. "అవునమ్మా, అదే" అన్నాను.

ఆమె కాసేపు చూసింది. "బ్రేకులు చూపించారాండీ?" అంది. చూపించానని, ఏమేం మార్చానో చెప్పాను. శ్రద్ధగా విని, రోజూ నడిపేది ఎవరని అడిగింది, అతను పొద్దున్నే తాగుతాడా అని అడిగింది. తాగడన్నాను. వెళ్లిపోయింది.

ఇక ఆ లక్షా అరవై వేలు. రిపేర్లకు అంతకన్నా ఎక్కువే అయింది, అయినా ఖర్చుతో ఆ లెక్క తీరదు. బండి ఇప్పుడు బాగుంది, ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండి గనక ఏటా ఫిట్‌నెస్‌కు తీసుకెళ్లాలి, మొన్న పాసైంది. చరిత్ర తెలియని దూరపు ఊరి మనిషికి అమ్మితే మామూలు ధరే వస్తుంది. అప్పుడు ఆ తేడా మొత్తం నా చేతిలో లాభంగా మిగులుతుంది, చనిపోయిన మనిషి వల్ల వచ్చిన లాభంగా. అందుకని నేను దీన్ని అమ్మే రోజున, కాలవగట్టు మీద ఏం జరిగిందో కొనేవాడికి ముందే చెప్తాను. అతను తగ్గించమన్నంత తగ్గిస్తాను. వద్దంటే ఇంకొకరికోసం చూస్తాను. పేరు మార్పు కాగితాలు అతని పేరు మీదికి ఎక్కేదాకా ఆఫీసు చుట్టూ నేనే తిరుగుతాను. ఈ మాట మా డ్రైవరబ్బాయికి చెప్పాను. తాళం మాత్రం ఇప్పటికీ బల్ల మీదనుంచే తీసుకుంటాడు, నేనూ అక్కడే పెడుతున్నాను.