చెరలోని మిత్రునికి ఏమి వ్రాయవలెను?

చెరలోనున్న మిత్రునికి జాబు వ్రాయబూనిన వర్తకునికి మొదట తోచునది, "ఉన్నది చెప్పి బయటపడుము" అను మాటయే. అది స్నేహమేనా?

బీదరువలెనే నిజాం సీమలోనిదైన సురపురమున 1858లో తిరుగుబాటు విఫలమై, రాజు వెంకటప్ప నాయకుడు బందీ అయ్యెను. బాల్యమున అతనికి సంరక్షకుడై, "అప్పా" అని అతనిచే పిలువబడిన మెడోస్ టైలరు దొర చెరకు పోయి చూచెను. ప్రేరేపించినవారి పేర్లు చెప్పిన శిక్ష తగ్గునేమోనని ఆశ. రాజు చెప్పలేదు.

పరులకు ఆపద తెచ్చు సత్యమును పలుకకుండుటయు సత్యాణువ్రతమేనని సమంతభద్రాచార్యులు రత్నకరండ శ్రావకాచారమున చెప్పిరి. చిట్టాలో లెక్క దాచుట వేరు. అది దొంగతనమునకు చుట్టము. నమ్మినవారిని కాచుట వేరు.

జాబులో ఇంటి క్షేమము, పిల్లల చదువు వ్రాయవచ్చును, పేర్లు అడుగరాదు. శిక్ష నాలుగేండ్ల చెరకు తగ్గినను, చెంగల్పట్టు దారిలో రాజు తుపాకి గుండుతో మరణించెను.